తూటా నాటిన దిమ్మె: అస్థితిస్థాపక అభిఘాతాల లెక్క కుదిరిన చరిత్ర

ఒక వస్తువు మరొకదాన్ని ఢీకొని అందులో కూరుకుపోయినప్పుడు, లేదా దానికి అతుక్కుని రెండూ ఒక్కటిగా కదిలినప్పుడు, ఆ తాకిడిని భౌతికశాస్త్రం పూర్ణ అస్థితిస్థాపక అభిఘాతం అంటుంది. అటువంటి తాకిడిలో రెండు రాశులను లెక్కించాలి. ద్రవ్యరాశిని వేగంతో హెచ్చించగా వచ్చేది ద్రవ్యవేగం. దానికి దిశ ఉంటుంది కనుక ఎదురెదురుగా వచ్చే వస్తువుల ద్రవ్యవేగాలు ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో హెచ్చించి సగం చేస్తే వచ్చేది గతిజశక్తి. దానికి దిశ లేదు, అది ఎప్పుడూ కూడికే. తాకిడికి ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యవేగం మారదు, గతిజశక్తి మాత్రం తగ్గుతుంది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పుస్తకంలో పక్కపక్కనే కనిపించే ఈ రెండు మాటలు ఒకదానికొకటి విరుద్ధం కావని తేలడానికి ఐరోపాలో రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. ఆ చరిత్రను సాధారణంగా తత్త్వవేత్తల వివాదంగానే చెబుతారు. అయితే లెక్కను స్థిరపరచడంలో ఫిరంగుల వేగం కొలిచినవారికీ, నీటిచక్రాలు కట్టినవారికీ దక్కవలసిన భాగం ఆ కథనాల్లో దక్కలేదు.

వివాదానికి మొదలు 1644లో రెనే దేకార్త్ ప్రకటించిన తత్త్వశాస్త్ర సూత్రాల గ్రంథం. లోకంలోని చలనం మొత్తం ఎన్నటికీ తరగదని ఆయన నమ్మాడు, అయితే ఆ చలనానికి కొలతగా వస్తువు పరిమాణాన్ని దాని వడితో హెచ్చించగా వచ్చిన సంఖ్యను తీసుకున్నాడు గాని అందులో దిశను చేర్చలేదు. ఫలితంగా తాకిడికి ఆయన రాసిన ఏడు నియమాల్లో చాలావరకు తప్పాయి. వాటిలో నాలుగోది ప్రకారం చిన్న వస్తువు ఎంత వడిగా వచ్చి తాకినా, నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును కదిలించలేదు. తానే వెనక్కి మళ్లుతుంది. దీనికి సూటి జవాబు దాదాపు నూరేళ్ల తర్వాత, తనకంటే వందల రెట్లు బరువైన కొయ్య దిమ్మెను ఊపిన ఒక సీసపు తూటా రూపంలో వచ్చింది.

దేకార్త్ నియమాలు నిలవవని మొదట గట్టిగా గ్రహించినవాడు క్రిస్టియాన్ హైగెన్స్. ఆయన 1650ల్లోనే సరైన నియమాలను రాసి పెట్టుకున్నా, ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1703లో గాని వెలువడలేదు. ఈలోగా లండన్ రాయల్ సొసైటీ ఈ ప్రశ్నను చేపట్టగా, 1668 నవంబరు నుంచి 1669 జనవరి లోపల జాన్ వాలిస్, క్రిస్టఫర్ రెన్, హైగెన్స్ ముగ్గురూ తమ పరిష్కారాలను పంపారు. రెన్, హైగెన్స్ తిరిగి ఎగిరిపోయే వస్తువుల గురించి రాశారు. వాలిస్ మాత్రం తాకిన తర్వాత విడిపోని వస్తువులను తీసుకున్నాడు: రెండింటి ద్రవ్యవేగాలను దిశను బట్టి కూడి లేదా తీసివేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తం బరువుతో భాగిస్తే, అవి కలిసి కదిలే వేగం వస్తుందన్నాడు. నేటి విద్యార్థి రాసే సమీకరణం అక్షరాలా ఇదే. వాలిస్ ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో లోతుగా చర్చించలేదు. అయినా అస్థితిస్థాపక అభిఘాతానికి మొదటి సరైన లెక్క ఆయనదేనని ఒప్పుకోవాలి.

ఐజాక్ న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో ఈ నియమాన్ని ప్రయోగానికి గురిచేశాడు. పది అడుగుల పొడవున్న దారాలకు గోళాలను వేలాడదీసి, ఒకదాన్ని పక్కకు లాగి వదిలి, తాకిన తర్వాత రెండూ ఎంత దూరం లేచాయో కొలిచి, గాలి వల్ల తగ్గినదాన్ని సవరించి, ద్రవ్యవేగం అన్ని సందర్భాల్లోనూ నిలుస్తుందని చూపాడు. అదే ప్రయోగంలో మరొకటి బయటపడింది. గోళాలు విడిపోయే సాపేక్ష వేగానికీ, దగ్గరైన సాపేక్ష వేగానికీ ఉండే నిష్పత్తి ఆ పదార్థానికి ఒక స్థిరమైన సంఖ్యగా తేలింది: గట్టిగా చుట్టిన ఉన్ని బంతులకు 9కి 5, గాజుకు 16కి 15. ఉక్కు గోళాలు దాదాపు వచ్చిన వేగంతోనే విడిపోయాయి. దీన్నే ఇప్పుడు ప్రత్యావస్థాన గుణకం అంటారు. అది 1 అయితే తాకిడి పూర్ణ స్థితిస్థాపకం, 0 అయితే వస్తువులు అతుక్కుపోతాయి. న్యూటన్ దృష్టిలో అతుక్కునే వస్తువుల చలనం నిజంగానే తగ్గిపోతుంది, అది ఎక్కడికో వెళ్లిందని ఆయన అనలేదు.

న్యూటన్ గ్రంథానికి ఏడాది ముందే, 1686లో, గాట్‌ఫ్రీడ్ లైబ్నిజ్ వేరొక కొలతను ముందుకు తెచ్చాడు. ఒక పౌండు బరువును నాలుగు అడుగులు ఎత్తడానికీ, నాలుగు పౌండ్లను ఒక అడుగు ఎత్తడానికీ పట్టే శ్రమ సమానమని అందరూ ఒప్పుకుంటారు కదా. అంత ఎత్తుల నుంచి పడినప్పుడు మొదటిదానికి రెండోదానికంటే రెట్టింపు వేగమే వస్తుంది గాని నాలుగు రెట్లు రాదు. అందువల్ల వస్తువులోని శక్తికి కొలత వేగం కాదు, వేగపు వర్గం అన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరుకు సజీవ బలం అని అర్థం. మరి రెండు మట్టిముద్దలు ఎదురెదురుగా వచ్చి అతుక్కుని ఆగిపోతే ఆ సజీవ బలం ఏమైందన్న ప్రశ్నకు, 1716లో శామ్యూల్ క్లార్క్‌కు రాసిన లేఖలో జవాబిచ్చాడు: అది నశించలేదు, వస్తువులోని సూక్ష్మ భాగాల్లోకి చెదిరిపోయింది, పెద్ద నాణేన్ని చిల్లరగా మార్చుకున్నట్లే. నూటయాభై ఏళ్ల తర్వాత అక్షరాలా నిజమైన ఈ మాటకు ఆనాడు కొలత ఆధారమేదీ లేదు.

కొలత ఆధారాన్ని బంకమట్టిలో వెతికారు. లైడెన్‌లో విల్లెం స్‌గ్రావెసాండే 1722లో ఒకే పరిమాణమూ వేర్వేరు బరువులూ గల ఇత్తడి గోళాలను మెత్తని బంకమట్టిపై జారవిడిచి, ద్రవ్యరాశిని వేగపు వర్గంతో హెచ్చించగా వచ్చే విలువ సమానమైనప్పుడల్లా గుంటలు సమానంగా పడుతున్నాయని గమనించాడు. అంతవరకూ న్యూటన్ పక్షాన ఉన్న ఆయన ఈ ఫలితంతో లైబ్నిజ్ కొలతను అంగీకరించాడు. ఎమిలీ ద్యు షాత్లే 1740లో ప్రచురించిన భౌతికశాస్త్ర గ్రంథంలో ఈ ప్రయోగాలను ఆధారంగా చూపి లైబ్నిజ్ పక్షాన వాదించింది. 1743లో జాఁ ద'అలాంబేర్ ఇదంతా మాటల తగవని తేల్చేశాడు. వస్తువును ఆపడానికి ఒక బలం ఎంతసేపు పనిచేయాలో అడిగితే ద్రవ్యవేగం జవాబు, ఎంత దూరం పనిచేయాలో అడిగితే వేగపు వర్గం జవాబు కనుక, రెండు కొలతలూ తమ తమ చోట సరైనవేనన్న ఆ వివరణ నిజమే. కాని తగవు అంతటితో తీరిందనడం పూర్తి న్యాయం కాదు, ఎందుకంటే అతుక్కుపోయిన వస్తువుల్లో తగ్గిన భాగం ఎటు పోయిందన్న అసలు ప్రశ్న అలాగే మిగిలింది. పైగా ఒకే సమస్యలో రెండు కొలతలనూ వరుసగా ఎలా వాడాలో చూపిన మనిషి ఈ పండితుల సభలో లేడు.

ఆయన బెంజమిన్ రాబిన్స్. 1707లో ఇంగ్లండులోని బాత్ నగరంలో క్వేకర్ కుటుంబంలో పుట్టాడు. యుద్ధాన్ని నిరాకరించే ఆ సంప్రదాయంలో పెరిగినవాడు ఫిరంగి శాస్త్రానికి పునాది వేయడం విచిత్రమే. ఇరవై ఒకటో ఏట, 1728లోనే, అభిఘాతాలపై యోహాన్ బెర్నూలీ ప్రచురించిన వ్యాసాన్ని విమర్శిస్తూ న్యూటన్ పక్షాన రాశాడు. అంటే తాకిడి లెక్కలు ఆయనకు యౌవనం నుంచీ పరిచితమైనవే. 1742లో వెలువరించిన ఫిరంగి శాస్త్ర నూతన సూత్రాల గ్రంథంలో ఆయన ఎత్తుకున్న ప్రశ్న చూడ్డానికి చాలా చిన్నది: తుపాకి గొట్టం విడిచే క్షణాన తూటా వేగమెంత? అప్పటివరకు ఈ ప్రశ్నకు కొలిచిన జవాబు లేదు. గెలీలియో చూపిన పరావలయ మార్గాన్నే ఫిరంగి గుండ్లకూ వర్తింపజేసి, గుండు పడిన దూరాన్ని బట్టి వేగాన్ని ఊహించేవారు. గాలి నిరోధం అంతటి బరువైన, వడిగల గుండును పెద్దగా తగ్గించదన్నది వారి నమ్మకం.

అంత వేగాన్ని నేరుగా కొలవగల గడియారం ఆ కాలంలో లేదు. రాబిన్స్ వేగాన్ని చిన్నదిగా మార్చి కొలిచాడు. మూడు కాళ్ల దూలాల చట్రానికి ఇనుప లోలకాన్ని వేలాడదీసి, దాని కింది పలకకు మందపాటి కొయ్య దిమ్మెను బిగించాడు. తుపాకి పేల్చినప్పుడు తూటా దిమ్మెలో నాటుకుని, రెండూ కలిసి వెనక్కి ఊగుతాయి. లోలకం అడుగున కట్టిన సన్నని రిబ్బను రెండు ఉక్కు అంచుల మధ్య నుంచి లాగబడుతుంది కాబట్టి, అది ఎన్ని అంగుళాలు బయటికి వచ్చిందో చూస్తే లోలకం ఎంత ఊగిందో తెలుస్తుంది. తూటా వేగం కోసం కొలవవలసినదల్లా ఆ రిబ్బను పొడవు, కొన్ని బరువులు, లోలకపు డోలన కాలం మాత్రమే.

ఆయన ఇచ్చిన ఉదాహరణనే వివరంగా చూడటం మంచిది, ఎందుకంటే అస్థితిస్థాపక అభిఘాత సమస్యలోని మెలకువలన్నీ అందులో ఉన్నాయి. లోలకం బరువు 56 పౌండ్ల 3 ఔన్సులు. తూటా బరువు పౌండులో పన్నెండో వంతు. అయితే లోలకం ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది గనుక దాని బరువంతా తూటా తగిలిన చోటే ఉన్నట్లు లెక్కించకూడదు. గరిమనాభి ఇరుసుకు 52 అంగుళాల దిగువన ఉంది. 200 చిన్న ఊపులకు 253 సెకన్లు పట్టడాన్ని బట్టి డోలన కేంద్రం, అంటే బరువంతా ఒక్క బిందువులో ఉంటే అదే కాలంలో ఊగే సాధారణ లోలకపు పొడవు, 62⅔ అంగుళాలు. దిమ్మె మధ్యభాగం 66 అంగుళాల దిగువన ఉంది. ఈ మూడు దూరాల నిష్పత్తులతో సవరిస్తే, తూటాకు ఎదురైనది 42 పౌండ్ల అర ఔన్సు బరువున్న వస్తువుతో సమానమని తేలుతుంది. అది తూటాకు సుమారు 504 రెట్లు, తూటాను కూడా కలిపితే 505 రెట్లు. రిబ్బను 17¼ అంగుళాలు లాగబడింది. అంత ఊపుకు లోలకం ఎంత ఎత్తు లేస్తుందో, అంత ఎత్తు నుంచి పడే వస్తువుకు ఎంత వేగం వస్తుందో లెక్కిస్తే, తాకిన వెంటనే దిమ్మె వేగం సెకనుకు సుమారు 3¼ అడుగులని వస్తుంది. దాన్ని 505తో హెచ్చిస్తే తూటా వేగం సెకనుకు 1640 అడుగుల పైచిలుకు.

ఈ లెక్కలో రెండు ఘట్టాలున్నాయి. తూటా నాటుకునే క్షణం మొదటిది. అక్కడ ద్రవ్యవేగమే ప్రమాణం. తూటాకీ కొయ్యకీ మధ్య ఒరిపిడి ఎంత భీకరంగా ఉన్నా, అవి ఒకదానిపై మరొకటి ప్రయోగించే బలాలు సమానంగా, ఎదురెదురుగా ఉంటాయి కనుక మొత్తం ద్రవ్యవేగాన్ని మార్చలేవు. తూటా కొన్ని అంగుళాల లోతుకు దిగి ఆగడానికి పట్టేది సెకనులో వెయ్యో వంతుకు లోపు, లోలకం పైకి లేవడానికి పట్టేది సుమారు సెకనులో మూడింట రెండు వంతులు. అందువల్ల తాకిడి జరుగుతున్నంతసేపూ లోలకం దాదాపు కదలలేదని, భూమి ఆకర్షణకు దాని వేగాన్ని మార్చే అవకాశం రాలేదని ధైర్యంగా అనుకోవచ్చు. దిమ్మె పైకి లేవడం రెండో ఘట్టం. అక్కడ ద్రవ్యవేగం నిలవదు, ఎందుకంటే బయటి నుంచి భూమీ ఇరుసూ పనిచేస్తున్నాయి. అక్కడ ప్రమాణం వేగపు వర్గం: దిమ్మె కింద ఉన్నప్పటి గతిజశక్తి పైన ఎత్తుగా మారుతుంది. ఒక ఘట్టంలో చెల్లే ప్రమాణం మరొక ఘట్టంలో చెల్లదు.

ఈ సరిహద్దును చెరిపేస్తే ఏమవుతుందో రాబిన్స్ అంకెలతోనే చూడవచ్చు. తూటా గతిజశక్తి అంతా దిమ్మెను పైకి లేపిందనుకుని, ద్రవ్యవేగాన్ని పక్కనపెట్టి లెక్క చేస్తే, 3¼ని 505తో కాక దాని వర్గమూలంతో, అంటే సుమారు 22½తో హెచ్చించవలసి వస్తుంది. అప్పుడు తూటా వేగం సెకనుకు 73 అడుగులని వస్తుంది, అది బలంగా విసిరిన రాయి వేగం. నిజానికి తూటా తెచ్చిన గతిజశక్తిలో 505 వంతులకు 504 వంతులు కొయ్యను చీల్చడంలో, సీసాన్ని నలపడంలో, వాటిని వేడిచేయడంలో ఖర్చయిపోయాయి. ఊపుగా మిగిలింది ఒక్క వంతు మాత్రమే. నూటికి 99.8 వంతుల శక్తి కంటికి కనబడకుండా పోయిన తాకిడి నుంచి కూడా వేగాన్ని రాబట్టగలగడమే ఈ పరికరపు ఘనత. పరీక్షల్లో తరతరాలుగా విద్యార్థులు పొరపడే చోటు కూడా సరిగ్గా ఇదే. తూటా శక్తిని నేరుగా ఎత్తుతో సమానం చేసినవారికి వచ్చే జవాబు ఏ నూటికి పదో ఇరవయ్యో వంతులు తేడా ఉండదు, దిమ్మె ఎంత బరువైతే అంత దారుణంగా తప్పుతుంది.

రాబిన్స్ కొలతలు ఇక్కడితో ఆగలేదు. అదే తుపాకిని, అంతే మందుతో, లోలకానికి 25 అడుగుల దూరం నుంచి, 75 అడుగుల నుంచి, 125 అడుగుల నుంచి పేల్చగా వేగాలు వరుసగా 1670, 1550, 1425 అడుగులుగా తేలాయి. యాభై అడుగుల గాలిలో ప్రయాణించినందుకే తూటా సెకనుకు 120 అడుగుల వేగం కోల్పోయింది. ఇక్కడ వేగపు వర్గాల తేడాను దూరంతో భాగిస్తే గాలి నిరోధం తెలుస్తుంది. అది తూటా బరువుకు సుమారు 120 రెట్లు, అంటే ఔన్సున్నర కూడా లేని సీసపు గుండును గాలి పది పౌండ్ల బలంతో వెనక్కి నెడుతోంది. న్యూటన్ సిద్ధాంతం ప్రకారం రావలసినదానికి ఇది దాదాపు మూడు రెట్లు. పరావలయపు లెక్కలు ఆ ఒక్క ప్రయోగంతో కూలిపోయాయి. వేగం శబ్దవేగానికి దగ్గరయ్యే చోట నిరోధపు తీరు మారుతోందని కూడా ఆయన పసిగట్టాడు. శబ్దవేగాన్ని మించిన చలనం గురించి మానవులు చేసిన తొలి కొలతలు ఒక కొయ్య దిమ్మె ఊపు నుంచి వచ్చాయన్నది ఆశ్చర్యంతో గుర్తుపెట్టుకోదగిన సంగతి.

ఈ కృషికి రాయల్ సొసైటీ 1746లో కోప్లీ పతకం ఇచ్చింది. అంతకు ముందే, 1745లో, లెయొన్‌హార్డ్ ఆయిలర్ బెర్లిన్‌లో ఈ గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదిస్తూ, మూలానికి ఎన్నో రెట్లు మించిన వ్యాఖ్యానం చేర్చాడు. ఆ వ్యాఖ్యానంతో కూడిన గ్రంథం 1777లో తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. రాబిన్స్ దాన్ని చూడలేదు. కర్ణాటక యుద్ధాల్లో ఫ్రెంచివారి చేతికి చిక్కి 1749లో తిరిగి దక్కిన మద్రాసు కోటనూ, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటనూ పటిష్ఠం చేయడానికి ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రధాన ఇంజనీరుగా నియమించింది. 1750లో ఆయన కోరమండల్ తీరానికి చేరాడు.  ఆయన అక్కడ గడిపిన కాలం చాలా కొద్ది. 1751 జులై 29న, నలభై నాలుగేళ్ల వయసులో, సెయింట్ డేవిడ్ కోటలోనే మరణించాడు. ప్రాక్షేపిక లోలకమని మన పాఠ్యపుస్తకాలు పిలిచే పరికరాన్ని నిర్మించిన వ్యక్తి జీవితం దక్షిణ భారత తీరంలో ముగిసిందన్న విషయం ఆ పుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది.

లోలకాన్ని తుపాకి తూటా నుంచి ఫిరంగి గుండు స్థాయికి పెంచినవాడు చార్లెస్ హట్టన్. బొగ్గుగనుల కూలీ కుటుంబంలో పుట్టి, తానూ కొంతకాలం గనిలో పనిచేసి, 1773లో వూల్విచ్ సైనిక విద్యాలయంలో గణిత ఆచార్యుడైన ఆయన, 1775 నుంచి ఒకటి నుంచి మూడు పౌండ్ల గుండ్లతో ప్రయోగాలు చేసి 1778లో ఫలితాలు ప్రకటించాడు. గుండు ఒకటే అయినప్పుడు దాని వేగం మందు బరువుకు వర్గమూలంగా పెరుగుతుందని, మందు ఒకటే అయినప్పుడు గుండు బరువుకు వర్గమూలంగా తగ్గుతుందని ఆయన కనుగొన్నాడు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితే, గుండు బరువును వేగపు వర్గంతో హెచ్చించగా వచ్చేది మందు బరువుకు అనులోమంగా ఉంటుందన్న అర్థం వస్తుంది. మందులో దాగిన శక్తి గతిజశక్తిగా మారుతోందన్న సంగతి, తాకిడి ఘట్టంలో ద్రవ్యవేగాన్ని మాత్రమే నమ్ముకున్న పరికరం నుంచి బయటపడింది. తర్వాతి తరంలో ఫ్రాన్సులోని మెట్జ్‌లోనూ, 1843–44లో వాషింగ్టన్ ఆయుధాగారంలో ఆల్ఫ్రెడ్ మొర్దెకాయ్ చేతుల్లోనూ దిమ్మెలు వేల పౌండ్లకు పెరిగాయి. 1860ల్లో ల బూలాంజె రూపొందించిన విద్యుత్ కాలమాపకం వచ్చాక, గుండు రెండు తెరలను తెంచే క్షణాల మధ్య వ్యవధిని నేరుగా కొలవడం సాధ్యమై, సైనిక ప్రయోగశాలల నుంచి లోలకం తప్పుకుంది.

పోయిన శక్తి గురించి ఫిరంగులవాళ్లకు చింత లేదు. వారికి కావలసింది వేగం. ఆ చింత నీటిచక్రాలు కట్టేవారిది. ఇంజనీరు జాన్ స్మీటన్ నమూనా చక్రాలతో చేసి 1759లో ప్రకటించిన ప్రయోగాల్లో, ప్రవాహం కింది రెక్కలను కొట్టి తిప్పే చక్రం నీటి సామర్థ్యంలో మూడో వంతు మించి ఇవ్వలేదని, పైనుంచి తొట్లలో నిండి బరువుతో దిగే చక్రం మూడింట రెండు వంతుల వరకు ఇస్తుందని తేలింది. నీరు అదే, ఎత్తు అదే. తేడా ఎక్కడ వచ్చింది? రెక్కను కొట్టిన నీరు ఎగిరిపడదు, చెదిరి రెక్కతోపాటే సాగుతుంది. అంటే అది అస్థితిస్థాపక అభిఘాతం. 1782లో అభిఘాతాలపైనే ప్రత్యేకంగా రాసిన పత్రంలో స్మీటన్, మెత్తని వస్తువులు తాకినప్పుడు వాటి ఆకారం మారడానికే శక్తిలో భాగం ఖర్చవుతుందని వాదించాడు. తోటి ఇంజనీర్లు ద్రవ్యవేగం నిలుస్తోంది కదా అన్న ధీమాతో చక్రాలు కట్టి నష్టపోతున్నారన్నది ఆయన ఆవేదన.

ఆ నష్టానికి సూత్రం ఇచ్చినవాడు ఫ్రెంచి సైనిక ఇంజనీరు లజార్ కార్నో. 1783లో యంత్రాలపై ప్రకటించిన వ్యాసంలో, స్థితిస్థాపకత లేని వస్తువులు తాకినప్పుడు తగ్గే సజీవ బలం, ప్రతి వస్తువూ ఆ తాకిడిలో కోల్పోయిన వేగానికి చెందే సజీవ బలాల మొత్తానికి సమానమని నిరూపించాడు. నిశ్చలంగా ఉన్నదాన్ని మరొకటి తాకి అతుక్కునే సందర్భంలో ఇది చాలా సరళమవుతుంది: వచ్చిన గతిజశక్తిలో నష్టమయ్యే భాగం, నిశ్చలంగా ఉన్న వస్తువు బరువును రెండింటి మొత్తం బరువుతో భాగించగా వచ్చినంత. కొలిమిలో ఈ భాగం ఎక్కువగా ఉండటమే కావాలి. అయిదు కిలోల సమ్మెట తొంభై అయిదు కిలోల దాకలిపై పడితే, నూటికి తొంభై అయిదు వంతులు ఎర్రని ఇనుమును సాగగొట్టడానికి దక్కుతాయి. నేలలోకి దుంగను దిగ్గొట్టేవారికి కావలసింది దీనికి తలకిందులు: తాకిన తర్వాత దుంగ వేగంగా కదలాలి కనుక, దుంగ కంటే దానిపై పడే గుండు బరువైనదై ఉండాలి, లేకపోతే శ్రమంతా దుంగ తల నలగడానికే సరిపోతుంది. ఒకే సూత్రం ఒకచోట లాభాన్నీ మరొకచోట నష్టాన్నీ లెక్కగడుతుంది. మంచి యంత్రంలో తాకిడి, కుదుపు ఉండకూడదన్న కార్నో నియమం ఆయన కుమారుడు సాది కార్నోకు ఉష్ణయంత్రాల అధ్యయనంలో దారి చూపింది.

ఇక మిగిలింది లైబ్నిజ్ చెప్పిన చిల్లరను లెక్కబెట్టడం. లోలకంతో మందు బలాన్ని కొలిచినవారిలో ఒకడైన రమ్‌ఫర్డ్, 1798లో మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు అంతులేకుండా పుట్టే వేడిని చూసి, వేడి ఒక ద్రవం కాదు, చలనమేనని ప్రకటించాడు. జేమ్స్ జూల్ 1850లో ప్రకటించిన కొలత ప్రకారం, ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హైట్ డిగ్రీ వేడిచేయడానికి 772 పౌండ్లను ఒక అడుగు ఎత్తే పని కావాలి. అయితే జూల్ వాడినది నీటిలో తిరిగే తెడ్లు. అతుక్కుపోయే తాకిడిలోనే ఈ సంఖ్య కోసం వెతికినవాడు అల్సాస్ ప్రాంతపు ఇంజనీరు గుస్తావ్ అడాల్ఫ్ ఇర్న్.

1860ల నాటి ఆ ప్రయోగంలో 350 కిలోల ఇనుప స్తంభాన్ని అడ్డంగా తాళ్లతో వేలాడదీసి సమ్మెటగా వాడారు; ఎదురుగా 941 కిలోల ఇసుకరాతి దిమ్మెను కూడా అలాగే వేలాడదీసి, దాని ముందు సుమారు మూడు కిలోల సీసపు ముద్దను నిలిపారు. సమ్మెటను వెనక్కి ఎత్తి వదలగానే సీసం నలుగుతుంది, రాతి దిమ్మె వెనక్కి ఊగుతుంది, సమ్మెట కొద్దిగా వెనుదిరుగుతుంది. రాతి దిమ్మెను నేలకు పాతకుండా వేలాడదీయడంలోనే ఇర్న్ తెలివి ఉంది: రెండూ ఎంతెంత ఎత్తు లేచాయో కొలిస్తే తాకిడి తర్వాత చలనంగా మిగిలిన గతిజశక్తి ఎంతో తెలుస్తుంది, దాన్ని సమ్మెట తెచ్చిన శక్తి నుంచి తీసివేస్తే సీసంలోకి పోయినది ఎంతో తేలుతుంది. నలిగిన సీసాన్ని వెంటనే తీసి, అందులోని గుంటలో నీళ్లు పోసి ఉష్ణమాపకంతో వేడి కొలిచారు. ఒక కిలో నీటిని ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ వేడిచేసే ఉష్ణానికి ఆయనకు వచ్చిన సమానం 425 కిలోలను ఒక మీటరు ఎత్తే పని; జూల్ సంఖ్యను ఈ ప్రమాణాల్లోకి మారిస్తే వచ్చేది 424కు కాస్త తక్కువ.